ఆవు నెత్తుటిలో పరాన్నజీవిని చూడాలంటే: ఏ స్మియర్, ఏ రంగు, ఏ మైక్రోస్కోపు?

వానలు పడి పిడుదులు పెరిగాయంటే చిత్తూరు, తిరుపతి జిల్లాల పాడి ఊళ్లలో ఒకే రకం కబురు వినిపిస్తుంది. జెర్సీ ఆవుకు 105, 106 డిగ్రీల జ్వరం, మేత ముట్టడం లేదు, పాలు సగానికి పడిపోయాయి. అది పిడుదులు అంటించే థైలేరియా కావచ్చు, బెబీసియా కావచ్చు, అనాప్లాస్మా కావచ్చు. బయటి నుంచి చూస్తే మూడూ మొదటి రెండు రోజులు ఒకేలా ఉంటాయి. మందులు మాత్రం ఒకటి కావు. థైలేరియాకు బుపార్వాక్వోన్, బెబీసియాకు డైమినజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. డైమినజీన్ ఎన్నిసార్లు ఎక్కించినా థైలేరియా తగ్గదు. ఖరీదైన బుపార్వాక్వోన్ బెబీసియా మీద పనిచేయదు. రెండు రోజులు తప్పు మందు మీద పోతే చూడి ఆవు ఈసుకుపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే సూది వేయకముందే ఒక చుక్క నెత్తురు స్లైడు మీదికి రావాలి. మందు పడ్డాక పరాన్నజీవులు త్వరగా తగ్గిపోతాయి, ఆ తర్వాత స్లైడు ఎంత బాగా చేసినా ఏమీ తేలకపోవచ్చు.

నెత్తురు తీయాలని నిర్ణయించుకున్నాక మూడు ఎంపికలు ఎదురవుతాయి: చుక్కను ఎలా పరచాలి, ఏ రంగు వేయాలి, ఏ మైక్రోస్కోపుతో చూడాలి. పశువైద్య విద్యార్థి, మండల ఆసుపత్రి డాక్టరు, తిరుపతిలో ప్రైవేటు ల్యాబు నడిపేవారు, ఊళ్లో గోపాలమిత్ర, డిగ్రీ కళాశాల జువాలజీ లెక్చరరు – వీళ్లందరికీ ఒకే జవాబు సరిపోదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

అది ఎక్కడ ఉంటుంది? మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి. బెబీసియా, అనాప్లాస్మా ఎర్ర రక్తకణం లోపలే ఉంటాయి. థైలేరియాకు రెండు ఇళ్లు: మొదట లింఫు గ్రంథుల్లోని తెల్లకణాల్లో పెరుగుతుంది, కొన్ని రోజులకు ఎర్రకణాల్లోకి వస్తుంది. సర్రా అనే జ్వరం తెచ్చే ట్రిపనోసోమా ఏ కణంలోకీ పోదు, కణాల మధ్య ప్లాస్మాలో ఈదుతుంది. కణంలో దాక్కున్నదానికి రంగు కావాలి. ఈదేదానికి రంగు లేకపోయినా దాని కదలికే గుర్తు.

ఎన్ని ఉన్నాయి? పల్చటి స్మియర్‌లో (స్లైడు మీద పల్చగా పరిచిన నెత్తుటి పొరలో) కణాలు ఒకే వరుసలో పరుచుకున్న చోట, 100 రెట్ల ఆయిల్ లెన్సు కింద ఒక ఫీల్డులో, అంటే ఒకసారికి కంటికి కనిపించే మేరలో, సుమారు 250 ఎర్రకణాలు కనిపిస్తాయి అనుకుందాం. 100 ఫీల్డులు చూస్తే 25,000 కణాలు చూసినట్టు. పదివేల కణాల్లో ఒకదానికి మాత్రమే పరాన్నజీవి ఉంటే, ఆ 100 ఫీల్డుల్లో దొరికేవి రెండో మూడో. పది ఫీల్డులు చూసి నెగెటివ్ అని రాస్తే అది నెగెటివ్ రిపోర్టు కాదు, చూడని రిపోర్టు.

ఎంత పరిమాణం? మనిషి ఎర్రకణం 7 నుంచి 8 మైక్రాన్లు, ఆవుది 5 నుంచి 6 మాత్రమే. మేకది ఇంకా చిన్నది, 3 నుంచి 4. మలేరియా స్లైడ్లు చూసి అలవాటైన కంటికి ఆవు స్లైడు మొదట్లో దుమ్ములా కనిపిస్తుంది. బెబీసియా బైజెమినా 4 నుంచి 5 మైక్రాన్లు, బెబీసియా బోవిస్ సుమారు 2. ఎర్రకణంలోని థైలేరియా 1 నుంచి 2, అనాప్లాస్మా 0.3 నుంచి 1. ట్రిపనోసోమా ఇవాన్సీ దాదాపు 25 మైక్రాన్ల పొడవు, అంటే ఎర్రకణానికి నాలుగైదు రెట్లు.

ఎంత సమయముంది, చేతిలో ఏముంది? కొట్టం దగ్గర కరెంటు ఉందా, శుద్ధమైన నీళ్లున్నాయా, స్లైడును చదివేది తీసినవారేనా, తిరుపతికి పంపాలా? వీటికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

| పద్ధతి | దేనికి బాగా పనికొస్తుంది | ఏం తప్పిపోతుంది | సమయం |
|---|---|---|---|
| తడి చుక్క | ట్రిపనోసోమా, మైక్రోఫైలేరియా (ఫైలేరియా పురుగుల పిల్లలు) | కణాల లోపలివన్నీ | 10 నిమిషాలు |
| పల్చటి స్మియర్ | థైలేరియా, బెబీసియా, అనాప్లాస్మా | చాలా తక్కువ సంఖ్యలో ఉన్నవి | చూడటంతో కలిపి గంట |
| మందపాటి స్మియర్ | తక్కువ సంఖ్యలో ఉన్న బెబీసియా, ట్రిపనోసోమా | కణంలో ఎక్కడుంది అన్న వివరం, అనాప్లాస్మా | ఆరడానికే కొన్ని గంటలు |
| బఫీ కోట్ | ట్రిపనోసోమా, మైక్రోఫైలేరియా. రక్తహీనత కూడా తెలుస్తుంది | సెంట్రిఫ్యూజు లేనిచోట కుదరదు | 20 నిమిషాలు |
| లింఫు గ్రంథి స్మియర్ | మొదటి రోజుల థైలేరియా | మిగతావన్నీ | గంట |

## తడి చుక్క

ఖర్చు లేదు, రంగు అక్కర్లేదు. స్లైడు మీద చిన్న చుక్క పెట్టి కవర్ స్లిప్ వేసి, 40 రెట్ల లెన్సుతో చూడాలి. కండెన్సరు (స్లైడు కింద వెలుతురును కూర్చే లెన్సు) దించి, వెలుతురు తగ్గించాలి. ట్రిపనోసోమా కంటికి దొరక్కముందే ఎర్రకణాలు ఎవరో తోసినట్టు కదులుతాయి. ఆ కదలికను వెంబడిస్తే అది కనిపిస్తుంది. చుక్క పెద్దదైతే కణాలు పొరలుపొరలుగా పేరుకుని ఏదీ తెలియదు. కవర్ స్లిప్ కింద నెత్తురు పల్చగా, లేత రంగులో ఉండాలి.

ఎండలో పెట్టినా, గంటలకొద్దీ ఆలస్యం చేసినా ట్రిపనోసోమా చచ్చిపోతుంది. చచ్చినదాన్ని తడి చుక్కలో పట్టడం దాదాపు అసాధ్యం. కాబట్టి కొట్టం దగ్గరే చూడగలిగితేనే దీన్ని నమ్ముకోవాలి. సర్రాలో పరాన్నజీవుల సంఖ్య ఒకరోజు పెరుగుతుంది, మరో రోజు పడిపోతుంది. గుర్రం, కుక్కల్లో బాగానే దొరుకుతుంది కానీ ఆవు, గేదెల్లో చాలాసార్లు చాలా తక్కువగా ఉంటుంది. జోరీగలు ఎక్కువున్న చోట, విడిచి విడిచి వచ్చే జ్వరం, చిక్కిపోవడం ఉంటే వరుసగా రెండు మూడు రోజులు, వీలైతే జ్వరం ఉన్నప్పుడే చూడాలి.

## పల్చటి స్మియర్: చాలామంది మొదట నేర్చుకోవాల్సింది ఇదే

ఒక్క పద్ధతే నేర్చుకునే వీలుంటే ఇదే నేర్చుకోండి. జాతిని గుర్తుపట్టడానికి కావాల్సిన ఆకారం, పరిమాణం, కణంలో స్థానం ఈ మూడూ ఒకేచోట చూపించేది ఇదొక్కటే. చేయడం తేలికలా కనిపిస్తుంది గానీ పాడయ్యే స్మియర్లలో చాలావరకు పాడయ్యేది మొదటి అర నిమిషంలోనే.

కొత్త స్లైడ్లనైనా సబ్బునీళ్లతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి. పెట్టెలోంచి తీసి నేరుగా వాడితే గాజు మీది జిడ్డు దగ్గర నెత్తురు పరుచుకోక గుండ్రటి ఖాళీలు పడతాయి. చుక్క 2 నుంచి 3 మిల్లీమీటర్ల వెడల్పుంటే చాలు. దాన్ని స్లైడు అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి పెట్టి, ఇంకో స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలుగా చుక్కకు తగిలించాలి. నెత్తురు అంచంతా పాకే వరకు ఆగి, ఒకే ఊపున ముందుకు తోయాలి. రక్తహీనత బాగా ఉన్న ఆవు నెత్తురు నీళ్లలా పల్చగా ఉంటుంది, అప్పుడు వాలు కాస్త నిలువుగా, తోయడం కాస్త వేగంగా ఉండాలి. సరైన స్మియర్ చివర నాలుక ఆకారంలో సన్నబడుతుంది. ఆ సన్నంచుకు కొంచెం వెనకున్న చోటే చదవాలి. మధ్యలో, మందంగా ఉన్నచోట కాదు.

ఎక్కడి నెత్తురు అన్నది కూడా ఎంపికే. జుగ్యులర్ (మెడ సిర) నుంచి, గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టంలోకి తీసిన నెత్తురు చాలావాటికి సరిపోతుంది. బెబీసియా బోవిస్ అలా కాదు. అది ఉన్న కణాలు సన్నటి కేశనాళికల గోడలకు అతుక్కుపోతాయి, పెద్ద సిర నెత్తుటిలో అరుదుగా వస్తాయి. కాబట్టి చెవి కొసన లేదా తోక కొసన గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్కతో స్మియర్ చేయాలి. అసలు ఏ జ్వరమో తెలియనప్పుడు కూడా చెవి కొస నెత్తురే తీసుకోవడం మంచిది, దానితో కోల్పోయేదేమీ లేదు. ఈడీటీఏ నెత్తురైతే కొన్ని గంటల్లోపే స్మియర్ చేయాలి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న నెత్తుటితో చేస్తే కణాల ఆకారం మారిపోతుంది, పరాన్నజీవి ముడుచుకుపోతుంది.

ఆరబెట్టడం మన దగ్గర ఒక సమస్య. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, గాలిలో తేమకు స్మియర్ మెల్లగా ఆరుతుంది. అప్పుడు ప్రతి ఎర్రకణం మధ్యలో మెరిసే మచ్చలు, చిన్న రంధ్రాలు పడతాయి. కొత్తవాళ్లు వాటినే థైలేరియా అని రాసేస్తారు. ఫైన్ అడ్జస్ట్‌మెంట్ (ఫోకస్ సన్నగా సరిచేసే మర) తిప్పినప్పుడు అది మిలమిల మెరిసిందంటే పరాన్నజీవి కాదు. నిజమైనదానికి రంగు ఉంటుంది, మెరుపు ఉండదు. స్లైడును వెంటనే గాలిలో ఊపి లేదా చిన్న ఫ్యాను ముందు ఆరబెట్టాలి. నోటితో ఊదకూడదు, ఆ తేమ చాలు పాడవడానికి. ఆరిన వెంటనే మిథనాల్‌లో 3 నుంచి 5 నిమిషాలు స్థిరపరచాలి. మూత సరిగా పెట్టని మిథనాల్ సీసా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దానివల్లా అవే మచ్చలు వస్తాయి. స్థిరపరచని స్మియర్‌ను కొట్టంలో వదిలేస్తే ఈగలు, చీమలు నాకేస్తాయి.

ఒక్కో పశువుకు మూడు స్మియర్లు చేయండి. ఒకటి ఇప్పుడు చూడటానికి, ఒకటి రంగు చెడితే మళ్లీ వేయడానికి, ఒకటి పంపడానికి. పశువు నంబరు, తేదీ పెన్సిలుతో స్మియర్ మందంగా ఉన్న కొసన రాస్తే మిథనాల్‌లో చెరగదు. పెన్ను గీతలు కరిగిపోతాయి.

## మందపాటి స్మియర్ ఎప్పుడు?

మలేరియా పనిలో మందపాటి స్మియరే రాజు. అదే అలవాటుతో పీహెచ్‌సీ ల్యాబు నుంచి పశువుల పనికి వచ్చినవారు మొదట దీన్నే చేస్తారు. ఆవుల్లో దీని చోటు చిన్నది. ఇందులో మిథనాల్ వాడకుండా నెత్తుటి చుక్కను ఆరబెట్టి, నేరుగా నీళ్లు కలిసిన రంగులో పెడతారు. ఎర్రకణాలు పగిలి హిమోగ్లోబిన్ పోతుంది, పరాన్నజీవులు మాత్రం మిగులుతాయి. ఒక ఫీల్డులో పల్చటి స్మియర్ కంటే ఎన్నో రెట్లు నెత్తురు కనిపిస్తుంది. తక్కువ సంఖ్యలో ఉన్న బెబీసియా బోవిస్‌ను వెతకడానికి ఇది మంచిదే.

కానీ కణం పగిలిపోయాక అనాప్లాస్మా ఎర్రకణం అంచున ఉందా, మధ్యలో ఉందా అన్నది తెలియదు. సన్నటి చుక్కలన్నీ రంగు మడ్డిలా, ప్లేట్‌లెట్ల ముక్కల్లా కనిపిస్తాయి. పక్కనే మిథనాల్ సీసా మూత తెరిచి ఉంటే ఆవిరికే చుక్క స్థిరపడి, కణాలు పగలక స్లైడంతా నల్లబడుతుంది. పల్చటి స్మియర్ చేతికి బాగా అలవాటయ్యాకే దీని జోలికి పోవడం మేలు.

## బఫీ కోట్

సన్నటి హెపారిన్ గొట్టాన్ని మూడొంతులు నెత్తుటితో నింపి, ఒక చివర మూసి, హెమటోక్రిట్ సెంట్రిఫ్యూజులో నిమిషానికి 12,000 చుట్లతో 5 నిమిషాలు తిప్పాలి. ఎర్రకణాలు అడుగున, ప్లాస్మా పైన, మధ్యలో తెల్లటి సన్న పొర. అదే బఫీ కోట్. ట్రిపనోసోమాలు దాని పైన ప్లాస్మాలో చేరతాయి. గొట్టాన్ని స్లైడు మీద పెట్టి ఆ హద్దునే 10 రెట్ల లెన్సుతో చూడటాన్ని వూ (Woo) పద్ధతి అంటారు. ఇంకా స్పష్టంగా కావాలంటే గొట్టాన్ని బఫీ కోట్‌కు మిల్లీమీటరు కింద కత్తిరించి, ఆ పొరను, దాని పైనున్న కొద్ది ప్లాస్మాను స్లైడు మీదికి వదిలి, కవర్ స్లిప్ వేసి 40 రెట్ల లెన్సుతో చూస్తారు.

ఈ పద్ధతిలో అసలు లాభం ఇంకోటి. అదే గొట్టంలో ఎర్రకణాల శాతం కొలిచేయొచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఆవులో అది 24 నుంచి 46 మధ్య ఉంటుంది. 15కు పడిపోయిందంటే పరాన్నజీవి దొరికినా దొరక్కపోయినా డాక్టరుకు అది పెద్ద సమాచారం. ల్యాబు పెట్టేవారు మైక్రోస్కోపు తర్వాత కొనాల్సిన వస్తువు హెమటోక్రిట్ సెంట్రిఫ్యూజేనని మా గట్టి అభిప్రాయం.

## లింఫు గ్రంథి స్మియర్

థైలేరియా జ్వరం మొదటి రోజుల్లో ఎర్రకణాల్లో ఏమీ కనిపించకపోవచ్చు. ఆ సమయానికి భుజం ముందు గ్రంథి నిమ్మకాయంత ఉబ్బి చేతికి తగులుతుంది. వెంట్రుకలు తీసి, స్పిరిట్ రాసి, గ్రంథిని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, 18 లేదా 20 గేజు సూదితో గుచ్చి సిరంజి లాగాలి. సూదిలోకి వచ్చిన కొంచెమే చాలు. సూది తీసేముందు సిరంజి లాగుడు వదలాలి, లేకపోతే సరుకంతా సిరంజి లోపలికి పోతుంది. పరిచేటప్పుడు అస్సలు నొక్కకూడదు. లింఫోసైట్లు (తెల్లకణాల్లో ఒక రకం) పగిలితే వాటి కేంద్రకాలు ఊదారంగు పీచులా సాగి అంతా కప్పేస్తాయి.

కనిపించాల్సింది కాక్ నీలి బిళ్లలు: లింఫోసైట్ లోపల లేదా పక్కన, నీలిరంగు గుండ్రటి ముద్దలో ఎర్ర ఊదా చుక్కలు. దీని విలువ తెలియాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. థైలేరియా నుంచి కోలుకున్న ఆవు నెత్తుటిలో ఏళ్ల తరబడి కొద్దిపాటి పరాన్నజీవులు మిగిలిపోతాయి. అలాంటి ఆవుకు ఇంకేదో జ్వరం వచ్చినా ఎర్రకణాల్లో రెండు మూడు థైలేరియాలు దొరుకుతాయి. ఆ రెండు మూడింటిని చూసి థైలేరియా జ్వరమే అని తేల్చడం పెద్ద తప్పు. నీలి బిళ్లలు దొరికితే మాత్రం రోగం ఇప్పుడు నడుస్తున్నట్టే. అందుకే రిపోర్టులో దొరికింది అని మాత్రమే రాయకుండా, 1,000 ఎర్రకణాల్లో ఎన్నింటికి ఉందో లెక్కపెట్టి శాతం రాయాలి.

## రంగు: జీమ్సా, లీష్మన్, క్షణాల్లో వేసేవి

మూడూ ఒకే కుటుంబం. మిథిలిన్ బ్లూ నుంచి పుట్టిన నీలిరంగు, ఇయోసిన్ ఎర్రరంగు కలిసి పనిచేస్తాయి. పరాన్నజీవి కేంద్రకం ఎర్ర ఊదాగా, దాని ఒళ్లు నీలంగా కనిపిస్తేనే రంగు సరిగా పడినట్టు.

జీమ్సా మొదటి ఎంపిక. ఒక వంతు జీమ్సా, తొమ్మిది వంతుల బఫర్ నీళ్లు, పీహెచ్ 7.2. వాడే ముందే కలపాలి, కలిపి పెట్టుకుంటే మడ్డి కడుతుంది. స్మియర్‌ను అందులో 20 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. తీసేటప్పుడు రంగును ఒంపేయకూడదు. పైన తేలే లోహపు మెరుపు మీగడ స్లైడుకు అంటుకుంటుంది. నిండుగా నీళ్లు పోసి ఆ మీగడను బయటికి పారించి, తర్వాత కడగాలి. నిలువు గాజు పాత్రలో స్లైడ్లను నిలబెట్టి రంగు వేస్తే ఈ బాధ తగ్గుతుంది.

అసలు చిక్కు నీళ్లతోనే. మన ప్రాంతంలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదనంతో, గట్టిగా ఉంటాయి. వాటితో రంగు కలిపితే ఎర్రకణాలు గులాబీ రంగుకు బదులు బూడిద, ఆకుపచ్చగా వస్తాయి, కేంద్రకం ఎరుపు కనిపించదు. నీళ్లు ఆమ్లంగా ఉంటే దీనికి ఎదురు: అంతా ఎర్రగా, నీలం పాలిపోయి. పరిష్కారం చవకైనది. లీటరు డిస్టిల్డ్ నీళ్లలో 1.0 గ్రాము డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్, 0.7 గ్రాము పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ కలిపితే పీహెచ్ 7.2 దగ్గరకు వస్తుంది. తూకం లేనివారికి బఫర్ మాత్రలు దొరుకుతాయి. డిస్టిల్డ్ నీళ్లు లేకపోతే బ్యాటరీలో పోసే నీళ్లతో బఫర్ చేసుకోవచ్చు. కుళాయి నీళ్లు మాత్రం వద్దు.

లీష్మన్ రంగు మిథనాల్‌లోనే ఉంటుంది కాబట్టి వేరే స్థిరపరచడం అక్కర్లేదు. ఆరిన స్మియర్ మీద 7, 8 చుక్కలు వేసి రెండు నిమిషాలు ఆగి, రెండింతల బఫర్ నీళ్లు కలిపి 10 నుంచి 12 నిమిషాలు ఉంచి కడగాలి. తెల్లకణాలు అందంగా వస్తాయి. రోజుకు ఒకటి రెండు స్లైడ్లు చూసే మండల ఆసుపత్రికి ఇదే సులువు. ఎండాకాలం రంగు సగంలో ఆరిపోతే స్లైడు మీద మడ్డి మిగులుతుంది, దాన్ని అనాప్లాస్మా అనుకునే ప్రమాదముంది.

మూడు పాత్రల్లో ముంచి తీసే రంగులు నిమిషంలో అయిపోతాయి. కుక్కల నెత్తురు ఎక్కువ చూసే ల్యాబులకు ఇవి ఉపయోగమే. థైలేరియా సన్నటి రూపాలకు, ముఖ్యంగా మొదటిసారి చూసేవారికి, ఇవి పాలిపోయినట్టుంటాయి. అనుమానం మిగిలితే రెండో స్లైడుకు జీమ్సా వేయండి.

## మైక్రోస్కోపు

రెట్ల సంఖ్య చూసి కొనకూడదు. ముఖ్యమైనది లెన్సు మీద రాసి ఉండే న్యూమరికల్ అపర్చర్. 40 రెట్ల మామూలు లెన్సుకు అది 0.65, అర మైక్రాను దూరంలో ఉన్న రెండు చుక్కల వరకే విడదీస్తుంది. 100 రెట్ల ఆయిల్ లెన్సుకు 1.25, దాదాపు 0.27 మైక్రాను వరకు విడదీస్తుంది. అనాప్లాస్మా 0.3 నుంచి మొదలవుతుంది కాబట్టి ఆయిల్ లెన్సు లేకుండా ఈ పని కుదరదు. కంప్యూటరుకు తగిలించే, 1,000 రెట్లు అని రాసి అమ్మే చిన్న యూఎస్‌బీ పరికరాలు చిత్రాన్ని పెద్దది చేస్తాయే కానీ వివరాన్ని కాదు. పిడుదులను చూడటానికి బాగుంటాయి, వాటి లోపలి పరాన్నజీవులకు కాదు.

కాగితంతో మడిచే ఫోల్డ్‌స్కోప్ పాఠశాలలకు గొప్ప వస్తువు. 140 రెట్లు, 2 మైక్రాన్ల వరకు చూపిస్తుంది. కుక్క నెత్తుటిలో మైక్రోఫైలేరియా మెలికలు తిరగడం పిల్లలకు అందులో చూపించొచ్చు. బెబీసియాకు సరిపోదు.

అద్దంతో వెలుతురు తీసుకునే ఒంటికన్ను మైక్రోస్కోపు నేర్చుకోవడానికి చాలు. రోజూ 100 ఫీల్డులు చూడాలంటే రెండు కళ్లతో చూసే ఎల్‌ఈడీ మైక్రోస్కోపు తీసుకోండి, లేకపోతే మెడ, కళ్లు రెండు వారాల్లో మొరాయిస్తాయి. అంబాలాలో తయారయ్యే మన దేశపు మైక్రోస్కోపుల్లో ఈ పనికి సరిపోయేవి ఉన్నాయి. రీచార్జి బ్యాటరీ ఉన్న రకమైతే కరెంటు కోతలప్పుడు పని ఆగదు. ఫొటోలు తిరుపతికి పంపి అడగాల్సి వస్తే మూడో గొట్టం మీద కెమెరా పెట్టొచ్చు, కాకపోతే ఐపీస్‌కు ఫోను పట్టే బిగింపు చాలు.

కొనేముందు దుకాణంలోనే రంగు వేసిన స్మియర్ పెట్టి, ఆయిల్ వేసి చూడండి. కండెన్సరు పూర్తిగా పైకి వస్తోందా? 40 నుంచి 100కు తిప్పితే వస్తువు ఫీల్డులోనే ఉంటోందా? వదిలేసిన రెండు నిమిషాల్లో ఫోకస్ దానంతటదే జారిపోతోందా? జారిపోతే ఎంత చవకైనా వద్దు. పని అయ్యాక ఆయిల్‌ను లెన్స్ పేపరుతో తుడవాలి, మిగతా లెన్సులకు అంటనివ్వకూడదు. కార్తీకం తేమలో లెన్సు మీద బూజు పడుతుంది, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు ఉంచండి.

## ఒకదాన్ని ఒకటి అనుకునే చోట్లు

బెబీసియా బైజెమినా జంటగా, బేరిపండు ఆకారంలో, సన్నటి కొసలు ఇరుకు కోణంలో కలిసి కనిపిస్తుంది. బోవిస్ చిన్నది, దాని కోణం విశాలం. థైలేరియా ఉంగరంలా, కామాలా, పుల్లలా, చుక్కలా ఎన్నో రూపాల్లో ఉంటుంది. అనాప్లాస్మా మాత్రం ఎర్రకణం అంచున గట్టి చుక్క, చుట్టూ నీలిరంగు ఒళ్లు ఉండదు. నెత్తురు తక్కువైన ఆవులో కొత్త కణాలు పుట్టేటప్పుడు మిగిలే హావెల్ జాలీ చుక్కలు, కణం నిండా నీలి పొడి చల్లినట్టుండే మచ్చలు కూడా దీన్నే పోలి ఉంటాయి. హావెల్ జాలీ చుక్క సాధారణంగా పెద్దది, నున్నగా గుండ్రంగా ఉంటుంది, ఎన్నో కణాలకు ఉండదు. ఎర్రకణం మీద వాలిన ప్లేట్‌లెట్‌కు చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది.

స్లైడుతో పాటు పశువునూ చూడండి. కాఫీ రంగు మూత్రం ఉంటే బెబీసియా వైపు మొగ్గు. మూత్రం మామూలుగా ఉండి కళ్లు పచ్చబడితే అనాప్లాస్మా. ఒంటి మీది పిడుదుకు కాళ్ల మీద లేత పట్టీలుంటే అది థైలేరియా మోసే హయాలోమా కావచ్చు.

ఒక్కచోట మాత్రం ఎంపిక లేదు. పశువు ఉన్నట్టుండి చచ్చి, ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. ఈ ప్రాంతానికి దొమ్మ కొత్త కాదు, మనుషులకూ అంటుతుంది. కోయకండి, సొంతంగా నెత్తురు తీయకండి, పశువుల డాక్టరును పిలవండి.

## ఎవరికి ఏది

ఊళ్లో పనిచేసే గోపాలమిత్రలకు, పశు సహాయకులకు: రంగు జోలికి వెళ్లొద్దు. చెవి కొస నుంచి మూడు పల్చటి స్మియర్లు, ఊదా మూత ఈడీటీఏ గొట్టంలో రెండు మిల్లీలీటర్ల నెత్తురు, ఒక చిన్న సీసాలో మిథనాల్. స్మియర్లు స్థిరపరచి స్లైడు పెట్టెలో పెట్టాలి. ఫార్మాలిన్ ఉన్న డబ్బాతో కలిపి పంపితే ఆ ఆవిరికి రంగు పడదు.

మండల ఆసుపత్రి డాక్టరుకు: పల్చటి స్మియర్, లీష్మన్. గ్రంథి ఉబ్బి ఉంటే గ్రంథి స్మియర్ తప్పకుండా. తేలకపోతే జిల్లా పశువ్యాధి నిర్ధారణ కేంద్రానికో, తిరుపతి వెటర్నరీ కళాశాలకో మందు వేయకముందు తీసిన నెత్తురు పంపండి. పీసీఆర్ (పరాన్నజీవి డీఎన్ఏను వెతికే పరీక్ష) మైక్రోస్కోపుకు దొరకనంత తక్కువనూ పడుతుంది, కానీ కోలుకున్న ఆవులోనూ పాజిటివ్ వస్తుంది. దాన్ని పశువు స్థితితో కలిపే చదవాలి.

తిరుపతి ప్రైవేటు ల్యాబుకు: కుక్కల శాంపిళ్లు ఎక్కువ వస్తాయి. బెబీసియా గిబ్సోని, ఎర్లిషియా, హెపటోజూన్, మైక్రోఫైలేరియా నాలుగూ ఒకే పద్ధతికి దొరకవు. పల్చటి స్మియర్‌తో పాటు బఫీ కోట్ స్మియర్, ఒక తడి చుక్క. ఎర్లిషియా తెల్లకణాల్లో అరుదుగానే కనిపిస్తుంది, దొరకలేదని లేదనకండి.

పశువైద్య విద్యార్థికి: ఒకే ఆవు నెత్తుటితో జీమ్సా, లీష్మన్ రెండూ వేసి పక్కపక్కన పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఆవుల స్మియర్లు కనీసం ఇరవై చదివాకే రోగపు స్మియర్ చదవండి.

ఇరవై ఆవులున్న పాడి రైతుకు: మైక్రోస్కోపు కొనకండి. ఒక థర్మామీటరు, పది ఈడీటీఏ గొట్టాలు, స్లైడ్ల పెట్టె ఒకటి కొనండి. జ్వరం కనబడ్డ రోజే, మందు పడకముందే, నెత్తురు తీయించండి.

జువాలజీ లెక్చరరుకు: విద్యార్థుల వేళ్లు గుచ్చొద్దు. తయారుగా దొరికే మలేరియా, ట్రిపనోసోమా స్థిర స్లైడ్లు తెప్పించి, వాటి పక్కనే వెటర్నరీ కళాశాల నుంచి అడిగి తెచ్చిన ఆవు బెబీసియా స్లైడు పెట్టండి. మనిషి కణానికీ ఆవు కణానికీ ఉన్న పరిమాణం తేడాను ఐపీస్ స్కేలుతో కొలిపించండి.